సున్నా శాతం

ప్రీ-పీహెచ్‌డీ కోర్సులో పరిశోధన నైతికత పాఠం మొదలుపెట్టిన రోజు ఏ బ్యాచ్ అయినా నన్ను మొదట అడిగేది ఒకటే. "సిమిలారిటీ ఎంత శాతం దాకా ఉండొచ్చు మేడమ్?" థీసిస్‌ను సాఫ్ట్‌వేర్‌కు ఇస్తే, అందులోని వాక్యాలు ఇతరుల రాతలతో ఎంతమేరకు కలుస్తున్నాయో అది ఒక అంకెగా చూపిస్తుంది. పిల్లల బెంగంతా ఆ అంకె గురించే. అది అర్థం లేని బెంగ కాదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం పది శాతం లోపు పోలికకు శిక్ష లేదు. పది దాటి నలభై దాకా ఉంటే ఆరు నెలల్లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. నలభై నుంచి అరవై మధ్య ఉంటే ఏడాది పాటు థీసిస్ ఇవ్వడానికి వీల్లేదు. అరవై దాటితే రిజిస్ట్రేషనే రద్దవుతుంది. ఐదారేళ్ల కష్టం ఒక అంకె మీద వేలాడుతున్నప్పుడు దాని గురించి అడగకుండా ఎలా ఉంటారు?

ఆ నిబంధనలు వచ్చినందుకు సంతోషించిన వాళ్లలో నేనూ ఉన్నాను. ఒక విశ్వవిద్యాలయంలో అట్ట వేసిన థీసిస్ ఇంకో విశ్వవిద్యాలయంలో పేరు మార్చుకుని తేలినా పట్టుకునే దారి లేని కాలం చూసినదాన్ని. థీసిస్‌లను శోధగంగ అనే వెబ్‌సైట్‌లో అందరికీ కనబడేలా పెట్టడం, సమర్పించే ముందు సాఫ్ట్‌వేర్‌తో చూడడం ఆ అన్యాయానికి చాలావరకు అడ్డుకట్ట వేశాయి. సొంతంగా రాసుకున్నవాడికి ఇవి రక్ష.

అయితే ఈ కోర్సు చెబుతూ చెబుతూ నాకు ఒక సంగతి అర్థమైంది. చేయని ప్రయోగాన్ని చేశామని రాస్తే ఆ రిపోర్టులో ఎంత శాతం వస్తుంది? సున్నా. ఊహించి వేసిన రీడింగులు ప్రపంచంలో మరెవరి పేపర్లోనూ ఉండవు కదా. కల్పించిన గ్రాఫును, నచ్చని పాయింట్లు తీసేసి నునుపు చేసిన గీతను ఆ సాఫ్ట్‌వేర్ ఏ అభ్యంతరమూ లేకుండా దాటనిస్తుంది. మాటలు దొంగిలించినవాణ్ని పట్టుకోవడానికి శాతాలు కట్టి శిక్షలు రాసుకున్నాం. ప్రకృతి చెప్పనిదాన్ని చెప్పినట్టు రాసినవాడి విషయంలో ఆ 2018 నిబంధనల్లో శిక్షల పట్టికే లేదు.

ఇది జరగని ముచ్చటేమీ కాదు. చండీగఢ్‌లోని పంజాబ్ విశ్వవిద్యాలయంలో వి.జె. గుప్తా అనే ప్రొఫెసర్ హిమాలయాల్లో దొరికాయంటూ శిలాజాల మీద రెండు దశాబ్దాలకు పైగా పేపర్లు ప్రచురించారు. వందల పేపర్లు, వందమందికి పైగా సహరచయితలు, వాళ్లలో విదేశీ నిపుణులు కూడా ఉన్నారు. 1989లో ఆస్ట్రేలియాలోని మెక్వారీ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ టాలెంట్ అనే శిలాజ శాస్త్రవేత్త నేచర్ పత్రికలో అసలు సంగతి బయటపెట్టాడు. హిమాలయాలవని చెప్పిన నమూనాల్లో కొన్ని మొరాకోలో దొరికేవాటిలా ఉన్నాయి, కొన్ని అమెరికాలోని న్యూయార్క్ రాష్ట్రంలో ఒక వాగు దగ్గర దొరికేవాటిలా ఉన్నాయి. హిమాలయ శిలల వయసు గురించీ, అక్కడ ఒకప్పుడున్న సముద్రజీవుల గురించీ రాసిన ఎన్నో వ్యాసాలు అనుమానంలో పడ్డాయి. ఆ పేపర్లను నమ్మి తమ పని కట్టుకున్నవాళ్లు ఎక్కడ తీసేయాలో, ఎక్కడ ఉంచాలో తెలియక తలలు పట్టుకున్నారు.

ఈ కథ చెప్పినప్పుడల్లా నేను ఎక్కువసేపు ఆగేది గుప్తా దగ్గర కాదు, సహరచయితల దగ్గర. వాళ్లలో చాలామంది దొంగలు కారు. తమ దగ్గరికి వచ్చిన రాళ్లను చూసి, ఏ జీవిదో గుర్తుపట్టి, నిజాయితీగానే పేరు రాసి పంపారు. ఆ రాయి ఏ లోయలో, ఏ పొరలో దొరికిందో అక్కడికి వెళ్లి చూసినవాళ్లు అరుదు. "ఆ చోటు నాకు చూపించండి" అన్న ఒక్క మాట మొదటి ఐదేళ్లలో ఎవరైనా గట్టిగా అని ఉంటే, ఆ తర్వాతి పేపర్లు పుట్టేవే కావు. అడగడం అవమానించడమనుకునే మర్యాద ఒకటి మన చదువుల్లో ఉంది. పెద్దాయన్ని అనుమానిస్తామా, అంతటివాణ్ని నోట్‌బుక్ తెరవమంటామా అని వెనక్కి తగ్గుతాం. ఆ మర్యాద నీడలోనే అబద్ధం ఏళ్ల తరబడి భద్రంగా ఉండగలిగింది.

నాకు పాఠం నేర్పింది మాత్రం పుస్తకాల్లోని పెద్ద మోసాలు కావు, మా క్లాసులో ఒకమ్మాయి. కల్పన, తారుమారు, చౌర్యం అని పరిశోధనలో మూడు ప్రధాన అపరాధాలను ఆ రోజు వివరంగా చెప్పాను. పరీక్షలో వాటికి తప్పులేని నిర్వచనాలు రాయగల తెలివైన పిల్ల ఆమె. అందరూ వెళ్లిపోయాక దగ్గరికి వచ్చి నెమ్మదిగా అడిగింది: "మేడమ్, నా బ్లాట్‌లో బ్యాండ్ ఒకసారి వస్తోంది, ఒకసారి రావడంలేదు. మా సార్ ఇప్పటికే కాన్ఫరెన్స్‌కి అబ్‌స్ట్రాక్ట్ పంపేశారు. ఇప్పుడు రాలేదని ఎలా చెప్పాలి?"

అంటే, ఆమె ప్రయోగంలో ఫలితాన్ని చూపాల్సిన గీత నిలకడగా రావడంలేదు. ఆ ప్రశ్నకు సిలబస్‌లో జవాబు లేదు. తప్పు ఏదో ఆమెకు తెలుసు. చేయాలని లేదు కూడా. ఆమెకు లేనిదల్లా, "రాలేదు" అనే మాటను భయం లేకుండా అప్పగించే మనిషి. జూనియర్ ఫెలోషిప్ (జేఆర్‌ఎఫ్) రెండేళ్లు నిండాక సీనియర్ ఫెలోషిప్ (ఎస్‌ఆర్‌ఎఫ్) కావాలంటే పని ముందుకు సాగిందని కమిటీ ముందు చూపించాలి. ఫెలోషిప్ నెలల తరబడి ఆగినా హాస్టల్ మెస్ బిల్లు ఆగదు. ఇంటి దగ్గర, ఇంకా ఎన్నాళ్లు చదువుతావమ్మా అంటారు. గైడ్ సంతకం లేకుండా ఒక్క కాగితమూ కదలదు. ఇన్నిటి మధ్య నిలబడిన పిల్లకు నిర్వచనాలు వల్లె వేయించి, ఇక నిజాయితీగా ఉండమని చెప్పి పంపడం సరిపోదు. నిజాయితీ ఒక్కరి గుణం మాత్రమే కాదు, నిజం చెప్పినవాళ్లకు ఆ చోట ఏమవుతుందన్నది కూడా అని నాకు తెలిసింది అప్పుడే.

2020 జనవరిలో, రసాయన శాస్త్రంలో నోబెల్ అందుకుని రెండేళ్లయినా నిండని ఫ్రాన్సిస్ ఆర్నల్డ్ తన బృందం సైన్స్ పత్రికలో వేసిన ఒక పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. ఎంజైములతో బీటా-లాక్టామ్‌లు తయారుచేయడం గురించిన పేపర్ అది. ఫలితం మళ్లీ రాలేదు. మొదటి రచయిత ల్యాబ్ నోట్‌బుక్ తెరిచి చూస్తే కీలకమైన ప్రయోగాలకు అప్పటికప్పుడు రాసిన వివరాలు లేవు, ముడి డేటా లేదు. ఆ మాటే ఉపసంహరణ ప్రకటనలో రాశారు. తాను పని సరిగా చూసుకోలేదని ఆర్నల్డ్ అందరి ముందూ ఒప్పుకున్నారు. ఈ ఉదంతాన్ని మా శాఖలో గైడ్‌లందరికీ చెప్పాలని నా కోరిక. నోబెల్ వచ్చిన మనిషి "రాలేదు" అనగలిగితే, తొలి ఏడాది స్కాలర్ నోట ఆ మాట కొంత తేలిగ్గా వస్తుంది.

షావుకార్లు లెక్కలకు చిట్టా, ఆవర్జా అని రెండు పుస్తకాలు పెట్టేవారు. రోజువారీ రాబడి, ఖర్చు ఎప్పటికప్పుడు పడేది చిట్టాలో, అవి పద్దుల వారీగా సర్దుకునేది ఆవర్జాలో. మన పేపర్ ఆవర్జా, ల్యాబ్ నోట్‌బుక్ చిట్టా. చిట్టా చూడకుండా ఆవర్జాను నమ్మే షావుకారు ఉండడు. మనం మాత్రం పేపర్లు లెక్కపెట్టి ఉద్యోగాలు, ప్రమోషన్లు ఇస్తాం, నోట్‌బుక్ చూపించమని వైవాలో కూడా అడగం.

శిక్షణ గురించి మాట్లాడేటప్పుడు యూజీసీ 2019 డిసెంబరులో తప్పనిసరి చేసిన కోర్సును తలచుకోవాలి. పరిశోధన, ప్రచురణ నైతికత పేరుతో రెండు క్రెడిట్లు, ముప్పై గంటలు, ఆరు యూనిట్లు. ఆ ముప్పైలో శాస్త్రీయ నడవడికకు ఇచ్చినవి ఐదు గంటలు. డేటాబేసులు, ఇంపాక్ట్ ఫ్యాక్టర్, హెచ్-ఇండెక్స్ లాంటి కొలతలకు ఏడు. ఏది ముఖ్యమో గంటలే పిల్లలకు చెబుతున్నాయి. పైగా పరీక్ష రాయాల్సింది, క్రెడిట్లు తెచ్చుకోవాల్సింది విద్యార్థి. అధ్యాపకులకూ ప్రతి సెమిస్టరు అవగాహన కార్యక్రమాలు పెట్టాలని 2018 నిబంధనల్లో ఉంది. కానీ ఆ అమ్మాయి ప్రశ్నకు జవాబు చెప్పగల మనిషి గైడ్, ఆ గైడ్‌కు మాత్రం పరీక్ష లేదు. ఫిర్యాదు చేయాలంటే శాఖలో ప్యానెల్ ఉంటుంది, దానికి అధ్యక్షత వహించేది శాఖాధిపతి. చిన్న శాఖల్లో శాఖాధిపతీ గైడూ ఒక్కరే కావచ్చు, లేదా పక్కపక్క గదుల్లో ఇరవై ఏళ్లుగా కలిసి టీ తాగేవాళ్లు కావచ్చు. ఆ తలుపు తట్టే ధైర్యం ఏ స్కాలర్‌కు ఉంటుంది?

మనుషుల మీద చేసే పరిశోధనలో, అడిగే వీలు లేకపోవడమనే ఇదే లోపం ఎంత దూరం పోతుందో మన ఖమ్మం జిల్లా చూసింది. 2009లో అక్కడ పాత్ అనే అమెరికా సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకాను పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు వేయించాయి. భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో దాదాపు పద్నాలుగు వేల మంది పిల్లలు. వాళ్లలో ఎందరో గిరిజన హాస్టళ్లలో, ఆశ్రమ పాఠశాలల్లో ఉండి చదువుకునేవాళ్లు. కొందరు పిల్లలు చనిపోయారన్న వార్తలు రావడంతో మహిళా సంఘాలు ఊళ్లకు వెళ్లి విచారించాయి. 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణమని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం తేల్చలేదు. టీకా మంచిదే, ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫార్సు చేసినదే. ఇది స్పష్టంగా చెప్పకపోతే భయం పెంచినవాళ్లమవుతాం.

కానీ సమ్మతి పత్రాల సంగతి వేరు. వేల పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వార్డెన్లు, ప్రధానోపాధ్యాయులు సంతకాలు పెట్టారు. అలా పెట్టవచ్చని రాష్ట్ర ప్రభుత్వమే వాళ్లకు ఆదేశమిచ్చింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తన నివేదికలో దీన్ని తీవ్రంగా తప్పుపట్టింది. ఇది ట్రయల్ కాదు, టీకా వేయడం ఎలా వీలవుతుందో చూసే ప్రదర్శనా కార్యక్రమం మాత్రమేనన్న వాదనను కూడా ఆ సంఘం ఒప్పుకోలేదు. చిత్రమేమిటంటే అక్కడ కాగితం లోటు లేదు. పత్రం ఉంది, సంతకం ఉంది, ముద్ర ఉంది. ఇది ఏం టీకా, ఎందుకు నా బిడ్డకు, వద్దంటే ఏమవుతుంది అని అడిగే అవకాశం మాత్రం ఆ కోయ తల్లికి రాలేదు.

ఆ తర్వాత విధానాలు గట్టిపడ్డాయి. సమ్మతి తీసుకోవడాన్ని వీడియోలో రికార్డు చేయాలన్న నియమం 2013లోనే వచ్చింది, తర్వాత దాని పరిధి కుదించారు. వైద్య పరిశోధన మండలి 2017లో కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది. 2019లో కొత్త ఔషధాలు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనలు వచ్చాయి. ఇవన్నీ కావాల్సినవే, వీటి కోసం పోరాడినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం. ఏ నియమం చూసినా ఇప్పుడు నేను వేసుకునే ప్రశ్న ఒకటుంది. దీనివల్ల అందరికన్నా కింద ఉన్న మనిషికి, అంటే ఆ తల్లికి, ఆ స్కాలర్‌కు, ఆ ల్యాబ్ అసిస్టెంటుకు, అడిగే వీలు పెరిగిందా? లేక భద్రపరచాల్సిన కాగితం ఇంకొకటి పెరిగిందా?

విధానం రాసేవాళ్లను నేను కోరేవి పెద్దవేమీ కావు. గైడ్ కాని ఇంకో అధ్యాపకుడు ప్రతి స్కాలర్ నోట్‌బుక్‌ను కొన్ని నెలలకొకసారి తెరిచి, తేదీ వేసి సంతకం పెట్టాలి. శుభ్రంగా చేసి, ఫలితం రాని ప్రయోగానికి థీసిస్‌లో ఒక అధ్యాయంగా చోటివ్వాలి. ఫిర్యాదు వినేవాళ్లు ఆ విశ్వవిద్యాలయానికి బయటివాళ్లై ఉండాలి. 2022 నిబంధనల్లో యూజీసీ, థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ ప్రచురించి తీరాలన్న షరతును తీసేసింది. ఆ ఒత్తిడి తగ్గినచోట ఈ మూడూ పెట్టడం కష్టం కాదు.

ప్రస్తుతానికి నా చేతిలో ఉన్నది నా క్లాసు. కొలతలకు ఇచ్చిన ఏడు గంటల్లోంచి రెండు తీసుకుని, పిల్లల చేత నోట్‌బుక్‌లు తెప్పిస్తున్నాను. పక్కవాళ్లతో మార్చుకుని, అందులో రాసినదాన్ని బట్టి నిన్నటి ప్రయోగాన్ని రేపు తాము చేయగలరో లేదో చెప్పమంటాను. బఫర్ ఏ రోజు కలిపారో ఉండదు. ఎన్నిసార్లు చేస్తే ఇది వచ్చిందో ఉండదు. పెన్సిల్‌తో రాసి చెరిపిన మచ్చలు ఉంటాయి. మొదట్లో ఒకరినొకరు అడగడానికి మొహమాటపడతారు. కాసేపటికి గది నిండా ప్రశ్నలే. "ఈ రీడింగ్ ఎందుకు కొట్టేశావు?" "ఈ తేదీన ల్యాబ్‌కి సెలవు కదా?" అడిగించుకున్నవాళ్లు నొచ్చుకోకుండా పెన్ను తీసి, మార్జిన్‌లో ఆ రోజు తేదీ వేసి, జవాబు రాసుకుంటారు.