పరదేశమున కట్టడము

చోడవరమున గృహస్థుడు ఇల్లు కట్టింపదలచినచో ఇద్దరు ముగ్గురు మేస్త్రులను పిలిపించి ధర అడుగును. వారిలో అనుభవశాలియైన మేస్త్రి ఇటుక, ఇసుక, సిమెంటుల వెలలతోపాటు మరియొకటి గణించును. అది చెఱకు నరకు కాలము. గానుగలు ఆడి, బెల్లపు పెనములు పొయ్యిల కెక్కు దినములలో కూలీలు దొరకుట కష్టము. అంతకు ముందే గోడలు లేపనివాని పని నిలిచిపోవును. ఖర్చు మాత్రము నిలువదు. ధర చెప్పుట ఎవరికైనను సాధ్యమే. చెప్పిన ధరలో, చెప్పిన గడువులో ముగించుటయే విద్య.

ఈ విద్యకు దేశాంతరములలో పరీక్ష మరింత కఠినము. ఉత్తరాంధ్రములోనే రాజాం పట్టణమున 1950లో జన్మించిన గ్రంధి మల్లికార్జునరావు జనపనార మిల్లుతో వ్యాపారము ఆరంభించి, జి.ఎం.ఆర్. సంస్థను నెలకొల్పెను. ఆ సంస్థ 2007లో టర్కీ దేశమున ఇస్తాంబులు నగరపు సబీహా గోక్చెన్ విమానాశ్రయమునకై పోటీకి దిగెను. ఒంటరిగా దిగలేదు. ఆ దేశపు చట్టమును, సరకును, కూలిని ఎఱిగిన లిమాక్ సంస్థను, విమానాశ్రయములు నడుపుటలో అనుభవముగల మలేషియా సంస్థను తోడు తెచ్చుకొనెను. పొరుగూరిలో పని పట్టిన మేస్త్రి ఆ ఊరి మేస్త్రిని కలుపుకొనుట వంటిదే ఇది. ఇరువది సంవత్సరముల హక్కునకు ఈ కూటమి సుమారు 193 కోట్ల యూరోలు చెల్లింప నొప్పుకొనెను. అంకె వినుటకు ఘనముగనే ఉన్నది. తీర్చవలసినవానికి అది భారము. కొత్త భవనము ఎంత త్వరగా తెరచిన, రాబడి అంత త్వరగా పెరుగును. 30 నెలల పనిని 18 నెలలలో ముగించి 2009 అక్టోబరు 31న భవనమును తెరచిరి.

త్వరపడుట యనగా అడ్డదారి పట్టుట కాదు. ఆ ప్రాంతము భూకంపములకు నెలవు. 1999లో సమీపమున వచ్చిన భూకంపమున పదునేడు వేలమందికి పైగా మరణించిరి. కావున భవనపు స్తంభముల క్రింద సుమారు 300 ప్రత్యేక పీఠముల నమర్చిరి. నేల అదరినప్పుడు కట్టడము ఆ పీఠములపై మెల్లగా జారి ఊగును గాని విరుగదు.

అన్నిచోట్లను ఫలితము ఒకటే కాలేదు. 2010లో జి.ఎం.ఆర్., మలేషియా సంస్థలు మాల్దీవుల రాజధాని మాలే విమానాశ్రయమును 25 ఏండ్లకు పొందెను. దేశము విడిచి వెళ్లు ప్రతి ప్రయాణికుని నుండి 25 డాలర్ల రుసుము వసూలు చేయవచ్చునని ఒప్పందమున నుండెను. 2011లో అచటి న్యాయస్థానము ఆ రుసుము చెల్లదనెను. మరుసటి ఏట ప్రభుత్వము మారెను. 2012 నవంబరులో ఒప్పందమే రద్దయ్యెను. పనివాండ్రెంత నేర్పరులైనను అట్టి వేళ తాపీ అక్కరకు రాదు. అక్కరకు వచ్చినది కాగితము. వివాదము వచ్చినచో సింగపూరున మధ్యవర్తుల తీర్పునకు లోబడవలెనని అందు ముందే వ్రాసికొనిరి. ఒప్పందము చెల్లునని 2014లో మధ్యవర్తులు తీర్పు చెప్పిరి. 2016లో మాల్దీవుల ప్రభుత్వము సుమారు 27 కోట్ల డాలర్ల పరిహారము చెల్లించెను.

విమానాశ్రయము మాత్రము తిరిగి రాలేదు. దాని కొత్త రన్‌వేను ఒక చైనా సంస్థ నిర్మించెను.