కాపలావాని అడుగులు

ఆటలు మనిషికి కేవలం కాలక్షేపాన్ని మాత్రమే ఇవ్వవు. ఏ ఆటమీద మనసు లగ్నమవుతుందో ఆ ఆట తెలియకుండానే మనిషి చూపును మలుస్తుంది. చదరంగం ముందుచూపును, కబడ్డీ ఊపిరిమీద అదుపును నేర్పినట్లే దాగుడుమూతలు ఓర్పును నేర్పుతాయి. చింతమాను వెనుక ఊపిరి బిగబట్టి నిలబడిన పిల్లవాడికి, తనను వెదికేవాడి అడుగుల చప్పుడు తప్ప లోకంలో మరేదీ వినిపించదు. ఆ దాగుడుమూతలే యంత్రయుగంలో తెరమీదికెక్కి వీడియోగేము రూపాన్ని ధరించాయి. అటువంటి ఒక ఆటతో చిత్తూరుకు చెందిన ఒక యువకునికి ఏర్పడిన అనుబంధం ఇరవై ఏళ్ళకు పైగా కొనసాగింది. ఆ ఆటను ఏనాడూ ఆడని అతని తండ్రికి కూడా అందులో భాగం ఉండడం విశేషం.

ఆ ఆట పేరు మెటల్ గేర్. జపాన్ దేశంలోని కొనామి సంస్థలో 1986లో చేరిన హిదియో కొజిమా దాని రూపకర్త. యుద్ధం ఇతివృత్తంగా ఒక ఆటను తయారుచేసే బాధ్యత అతనిపై పడింది. అయితే దానికోసం ఎంచుకున్న ఎం.ఎస్.ఎక్స్.2 అనే గృహ కంప్యూటరుకు శక్తి చాలా తక్కువ. తెరమీద ఎక్కువమంది సైనికులు, తూటాలు ఒకేసారి కదిలితే అది తట్టుకోలేదు. పోరాటాన్ని చూపడానికి వీలులేనప్పుడు, పోరాటాన్ని తప్పించుకోవడమే ఆటగా ఎందుకు కాకూడదని కొజిమా ఆలోచించాడు. ఆ ఆలోచన ఫలితంగా 1987లో తొలి మెటల్ గేర్ వెలువడింది. అణ్వాయుధాన్ని మోస్తూ నడిచే ఒక మహాయంత్రాన్ని ధ్వంసం చేయడానికి స్నేక్ అనే సైనికుడు ఒంటరిగా శత్రుస్థావరంలో ప్రవేశించడమే దాని కథ. అందులో శత్రువును చంపడం కంటే శత్రువు కంటబడకపోవడమే గొప్ప. 1998లో ప్లేస్టేషన్ అనే యంత్రం కోసం వచ్చిన మెటల్ గేర్ సాలిడ్ ఈ వరుసకు ప్రపంచఖ్యాతిని తెచ్చింది. అదే ఏడాది టెంచు, థీఫ్ అనే ఆటలు కూడా రావడంతో, చాటుగా మెలిగే ఆటలు ఒక ప్రత్యేక శాఖగా స్థిరపడ్డాయి.

ఆ యువకుడు పదవ తరగతి ముగించుకొని 2001లో ఇంటర్మీడియట్ చదువుకోసం తిరుపతికి వచ్చాడు. నాడు తిరుపతి చిత్తూరు జిల్లాలోనే ఉండేది. 2022లో అది ప్రత్యేక జిల్లా అయింది. అతని తండ్రి చిత్తూరు సమీపంలోని ఒక మామిడిగుజ్జు కర్మాగారంలో రాత్రి వాచ్‌మన్. నెలనెలా ఆయన పంపే డబ్బుతో హాస్టలు అద్దె, మెస్సు ఖర్చు గడవాలి. పైసాపైసాకు లెక్క రాసి ఇంటికి జాబు రాయడం అతనికి అలవాటు.

తిరుపతి బస్టాండుకు దగ్గరగా ఒక ఇరుకు సందులో వీడియోగేముల దుకాణం ఉండేది. నాలుగు పాత టీవీలు, వాటిముందు ప్లాస్టిక్ కుర్చీలు. గంటకు పది రూపాయలు. తోటి విద్యార్థులు క్రికెట్టు, కుస్తీ ఆటలకోసం పోటీపడుతుంటే, మూలనున్న టీవీలో ఎవరూ ఆడక వదిలేసిన ఒక ఆట అతణ్ణి ఆకర్షించింది. తెరమీద మంచు కురుస్తున్నది. అలాస్కా ప్రాంతంలోని ఒక ద్వీపంలో శత్రుస్థావరం. తుపాకీ ధరించిన కాపలావాడు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు నడుస్తున్నాడు. వాని చూపు ఎంతదూరం పారుతుందో తెరమూలనున్న రాడారు పటంలో విసనకర్ర ఆకారంలో కనిపిస్తున్నది. మంచులో స్నేక్ అడుగుజాడలు పడితే కాపలావాడు ఆ జాడలను పట్టి వస్తాడు. గోడమీద తడితే చప్పుడు ఎక్కడిదోనని వెదుకుతాడు. అట్టపెట్టె బోర్లించుకొని అందులో కూర్చుంటే కొన్నిసార్లు చూసీచూడనట్లు పోతాడు. పరుగెత్తడానికి, కాల్చడానికి అలవాటుపడిన ఆటగాళ్ళకు అది విసుగు పుట్టించింది. అతనికి మాత్రం చింతమాను వెనుక దాక్కున్న బాల్యం జ్ఞాపకం వచ్చింది.

ఆ ఆట అతణ్ణి ఒకచోట గట్టిగా పట్టి నిలిపింది. కథలో ఆయుధ కర్మాగారపు అధిపతి ఒకడు, మెరిల్ అనే యువతితో రేడియోలో మాట్లాడవలసిన సంఖ్య సీడీ డబ్బా వెనుక ఉందని చెప్తాడు. ఆ అధిపతే స్నేక్ చేతికి ఒక డిస్కును కూడా ఇస్తాడు. సంఖ్య ఆ డిస్కులో ఉందేమోనని అతడు మూడు సాయంత్రాలు వెదికాడు. నిజానికి ఆ సంఖ్య ఆటలో లేదు. అంగడిలో అమ్మిన అసలు డబ్బా వెనుక అచ్చయిన బొమ్మలో ఉంది. తెరలోని పాత్ర తెర బయటనున్న మనిషి చేతిలోని వస్తువును గురించి మాట్లాడడం కొజిమా చమత్కారం. కాని దుకాణంలో ఉన్నది నకలు డిస్కు. దానికి డబ్బా లేదు, పలుచని ప్లాస్టిక్ సంచి మాత్రమే ఉంది. వెల చెల్లించి కొన్నవారికి సులభంగా దొరికే సంఖ్య, నకలుతో ఆడేవారికి దొరకలేదు. అతడు ఓటమిని అంగీకరించలేదు. పై అధికారి సంఖ్య అయిన 140.85 నుంచి ఒక్కొక్క అంకె దిగుతూ ప్రయత్నించాడు. డెబ్భైయవ ప్రయత్నంలో 140.15 వద్ద మెరిల్ గొంతు పలికింది. దుకాణమంతా వినిపించేలా అతడు కేక పెట్టాడు.

ఆ కేక వెనుక ఒక రహస్యం ఉంది. అప్పటికి అతడు మెస్సు డబ్బులో కొంత ఆ దుకాణంలో పోస్తున్నాడు. రాత్రి భోజనం మానుకొని, మానుకున్న సంగతి ఇంటికి రాయలేదు. అబద్ధపు లెక్క రాయడానికి చేయి రాక, అసలు లెక్క రాయడమే మానేశాడు. తాను ఎవరి కంటా పడలేదని అనుకున్నాడు.

మొదటి సంవత్సరం పరీక్షలు ముగిసి 2002 వేసవిలో అతడు ఇల్లు చేరాడు. మే నెల చివరికి తోతాపురి కాయల లారీలు కర్మాగారం ముందు బారులు తీరాయి. ఒకనాటి రాత్రి తల్లి రాగిసంకటి, ఊరిబిండి క్యారియరులో సర్ది, తండ్రికి ఇచ్చి రమ్మని పంపింది. దారిలో అతనికి ఒక చిలిపి ఆలోచన కలిగింది. గేటువద్దకు పోక, వెనుకవైపు కూలిన ప్రహరీ దాటి లోపలికి దిగాడు. ఖాళీ క్రేట్ల దొంతర చాటున కూర్చొని తండ్రి నడకను గమనించాడు. ఆయన లారీల కాటా దగ్గరనుంచి బాయిలరు షెడ్డువరకు నడుస్తాడు. టార్చి ఎడమకు, కుడికి తిప్పుతాడు. క్షణం నిలిచి వెనుదిరుగుతాడు. తెరమీది కాపలావాని నడకే! అయితే తెరమీద కనిపించనివి కూడా కొన్ని అతనికి కనిపించాయి. మలుపు తిరిగిన ప్రతిసారీ తండ్రి మోకాలిని చేత్తో ఒత్తుకొంటున్నాడు. ఎవరూ లేరనుకొని తనలో తాను ఏదో గొణుక్కుంటున్నాడు. పదిహేను నిమిషాలు అలా గడిచాక, తండ్రి వెనుదిరిగిన అదనులో అతడు పిల్లి అడుగులతో ముందుకు కదిలాడు. నాలుగడుగుల దూరంలో ఉండగా ఆయన తిరిగి చూడకుండానే అన్నాడు:

"దాంకున్నది చాల్లే, బయటికి రా నాయనా."

అతడు నిర్విణ్ణుడయ్యాడు. ఎలా తెలిసిందని అడిగాడు.

"నిన్ను చూళ్ళేదు. కీచురాళ్ళు అరిచేది నిలిపేసె గదా. మనిషి మసిలితే గాని అవి నోరు మూసుకోవు. ఇక సంకటి వాసన ఎవరిదో నాకు తెలియదా?"

ఇద్దరూ నవ్వుకొన్నారు. క్యారియరు విప్పి తింటూ తండ్రి నెమ్మదిగా మరొక మాట అన్నాడు:

"సంక్రాంతి పోయినకాడ్నుంచి నీ జాబుల్లో మెస్సు లెక్క రాలేదు. అదీ ఇట్లాంటిదే. అరిచేది నిలిచిపోతేనే గదా తెలిసేది."

ఆ మాటతో అతని నవ్వు ఆగిపోయింది. తలవంచుకొని దుకాణం సంగతి, డబ్బు సంగతి అంతా చెప్పాడు. తండ్రి కోపగించుకోలేదు. ఆ ఆట ఏమిటో చెప్పమన్నాడు. అతడు స్నేక్ సాహసాలను ఉత్సాహంగా వర్ణించాడు. కాపలావాణ్ణి వెనుకనుంచి పట్టి మెడ విరిచే ఘట్టం వచ్చినప్పుడు ఆయన ముద్ద ఆపి అడిగాడు:

"ఆ వాచ్‌మన్ చేసిన తప్పు ఏందిరా?"

అతని దగ్గర సమాధానం లేదు.

ఆ ప్రశ్న అతణ్ణి విడిచిపెట్టలేదు. రెండవ సంవత్సరమంతా అతడు ఆ సందువైపు పోలేదు. మెస్సు లెక్క మళ్ళీ జాబుల్లోకి వచ్చింది. డిగ్రీ ముగించి 2006లో చిన్న ఉద్యోగంలో చేరాక, తన సంపాదనతో పాత ప్లేస్టేషన్ 2 ఒకటి కొన్నాడు. దానితోపాటు డబ్బా ఉన్న అసలు డిస్కునే కొన్నాడు. అది 2004లో వెలువడిన మూడవ మెటల్ గేర్ సాలిడ్, స్నేక్ ఈటర్. 1964నాటి సోవియట్ అడవుల్లో నడిచే కథ. అందులో మృతుల ఆత్మలతో సంబంధమున్న సారో అనే పాత్ర ఉంది. ఒక ఘట్టంలో స్నేక్ నదిలో ఎదురు నడవాలి. అప్పటివరకు ఆటగాడు ఎవరెవరిని చంపాడో వారంతా ప్రేతాలై ఆ నదిలో ఎదురువస్తారు. ఎక్కువమందిని చంపినవారికి ఆ నది పొడవుగా అనిపిస్తుంది. ఎవరినీ చంపకుండా వచ్చినవారికి, కథలో తప్పనిసరిగా మరణించే ప్రధాన శత్రువులు మాత్రమే కనిపిస్తారు.

అతని నదిలో ఎంతోమంది సైనికులు ఎదురువచ్చారు. అతడు వారిని లెక్కపెట్టడం మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. ఆటను ఆపి మళ్ళీ మొదటినుంచి ఆరంభించాడు. ఈసారి ఒక్క కాపలావాణ్ణి కూడా చంపకుండా ముగించడానికి అతనికి నెలన్నర పట్టింది. చంపితే క్షణంలో తెరుచుకునే దారికి, చంపకుండా వేచి ఉంటే పావుగంట పట్టేది. ఆ పావుగంటలలో అతడు కాపలావారి ఆవులింతలను, తుమ్ములను, తమలో తాము చెప్పుకొనే కబుర్లను గమనించాడు. స్నేక్ బందీగా ఉన్న గది బయట జానీ అనే కాపలావాడు తన కుటుంబపు ఛాయాచిత్రాన్ని చూపించే ఘట్టం వద్ద అతని కళ్ళు చెమర్చాయి.

ఆ ఆదివారమే చంద్రగిరి, పూతలపట్టుల మీదుగా చిత్తూరుకు బస్సెక్కాడు. నాలుగేళ్ళనాటి ప్రశ్నకు సమాధానం దొరికిందన్న సంతోషంతో, ఒక్క వాచ్‌మన్‌ను కూడా చంపకుండా ఆట ముగించానని తండ్రికి చెప్పాడు. ఆయన మెచ్చుకోలుగా తల ఊపి, కాసేపాగి అన్నాడు:

"చంపలేదు, సరే. తెల్లారినాక వాని కొలువు ఉంటాదా? లోపల సామాను పోతే మొదట నిలదీసేది వాణ్ణే గదా."

ఒక ఏడాది గోదాములో గుజ్జు డ్రమ్ములు తగ్గినప్పుడు తన జీతంలో రెండు నెలలపాటు కోత పడిందని ఆయన అప్పుడు చెప్పాడు. ఆ నెలల్లో కూడా తిరుపతికి రావలసిన డబ్బు ఒక్క రూపాయి తగ్గలేదన్న సంగతి కుమారునికి జ్ఞాపకం ఉంది. తాను ఆటలో పోసిన పది రూపాయల నోట్లు ఏ రాత్రుల నడకనుంచి వచ్చాయో అతనికి ఆనాడు పూర్తిగా అర్థమయింది.

అటుపిమ్మట కూడా ఆ వరుసలోని ఆటలు వస్తూనే ఉన్నాయి. 1998నాటి ఆటలో కడుపునొప్పితో పరుగులు తీసి నవ్వు పుట్టించిన జానీ అనే కాపలావాడు, 2008లో వచ్చిన నాలుగవ ఆటలో ధీరుడై మెరిల్‌ను వివాహమాడాడు. స్నేక్ ఈటర్‌లోని జానీ ఇతనికి తాత. ఎవరూ పట్టించుకోని సైనికునికి కొజిమా ఒక కుటుంబాన్ని, ఒక కథను ఇచ్చాడు. 2015లో వచ్చిన ఫాంటమ్ పెయిన్‌లో, చేతికి చిక్కిన శత్రుసైనికుణ్ణి చంపకుండా గాలిబుడగకు కట్టి తన స్థావరానికి పంపి, తనవారిలో చేర్చుకొనే ఏర్పాటు ఉంది. ఆ ఏడాది డిసెంబరులోనే కొజిమా కొనామి సంస్థనుంచి బయటకు వచ్చాడు. 2025 ఆగస్టు 28న ఆ సంస్థ స్నేక్ ఈటర్‌ను కొత్త హంగులతో మరల విడుదల చేసింది.

అప్పటికి అతని తండ్రి కన్నుమూసి ఏడేళ్ళయింది. తిరుపతిలోని తన ఇంట్లో అతడు ఆ పాత అడవిలోకి మళ్ళీ అడుగుపెట్టాడు. పక్కన కూర్చున్న కుమార్తె, చెట్టుచాటున అంతసేపు కదలకుండా ఉండడం చూసి విసుగుచెంది, ఎందుకు కాల్చడం లేదని అడిగింది.

"వాడు ఒక చుట్టు తిరిగి రానీ తల్లీ," అన్నాడు అతడు. "వాడి పని వాణ్ణి చేసుకోనీ."

తండ్రి అడిగిన రెండవ ప్రశ్నకు అతనికి ఇప్పటికీ సమాధానం దొరకలేదు. ఏ ఆటా దానికి సమాధానం చెప్పలేదు. కాని రాత్రి పొద్దుపోయి ఇంటికి వచ్చినప్పుడు, అపార్ట్‌మెంటు గేటు దగ్గర కుర్చీలో కూర్చున్న వృద్ధుణ్ణి ముందుగా పలకరించి, భోజనం అయిందా అని అడిగిన తరువాతనే అతడు మెట్లెక్కుతాడు. మనం నిద్రించే వేళ మనకోసం మేలుకొని ఉండేవారు ప్రతి వీధిలోనూ ఉన్నారు. వారి అడుగుల చప్పుడు వినగలగడం అతడు కొంత ఆటనుంచి, ఎక్కువ భాగం తండ్రినుంచి నేర్చుకొన్నాడు.