మాటలు లేని ఇల్లు

లండనులోని స్పిటల్‌ఫీల్డ్స్ పేటలో, 18 ఫోల్‌గేట్ వీధిలో ఉన్న పాత ఇంటిని మేము దర్శించాము. 1724 ప్రాంతంలో కట్టినది. 1979లో డెనిస్ సెవర్స్ అనే అమెరికన్ దీనిని కొని, జెర్విస్ అనే పట్టు నేతగాళ్ల కుటుంబాన్ని ఊహించి, పది గదులనూ వారి కాపురంలా అమర్చాడు.

మాట్లాడవద్దన్నారు. కొవ్వొత్తుల వెలుగులో సగం తిన్న ఆహారం, నలిగిన పక్క, పొయ్యి వాసన. ఇంటివారు ఇప్పుడే పక్క గదిలోకి వెళ్లినట్లుంది! క్రింద పింగాణీ, కలిమి. పై అంతస్తులో చిరుగుబట్టలు. నేతపని క్షీణించి సంసారాలు ఎలా చితికాయో అక్కడ చూశాము.

1685లో ఫ్రాన్సు రాజు ప్రొటెస్టెంటుల ఆరాధన హక్కు రద్దు చేయగా, విశ్వాసం కోసం ఇల్లూ వాకిలీ విడిచిన హ్యూగెనాట్ నేతగాళ్లు ఎందరో ఈ పేటకు చేరారు. జెర్విస్ కుటుంబం కల్పితమే గాని వారి కష్టాలు నిజం. సెవర్స్ 1999లో మరణించాడు. ఇల్లు నేటికీ సందర్శకులకు తెరిచే ఉంది.