మందు ఖర్చు, మాట ఖర్చు

గజ్జిని మన పల్లెలలో ఎవరూ పెద్ద జబ్బుగా ఎంచరు. ప్రాణము తీసేది కాదు గదా అంటారు. మేమిద్దరము ఒకరము నర్సుగా, మరొకరము కాంపౌండరుగా చాలా ఏండ్లు మిషను ఆసుపత్రిలో పనిచేసినవారము. వేసవి సెలవులు ముగిసి బోర్డింగు తెరవగానే, పిల్లల వేళ్ల సందులలో పొక్కులు, రాత్రంతా గోకుడు. తెల్లని బెంజైల్ బెంజోయేటు మందు మెడ నుండి అరికాళ్ల వరకు పూసేవారము. పిల్లలు మంటకు ఏడ్చేవారు. నయమైన పిల్ల పండుగకు ఇంటికి వెళ్లి, తల్లి పక్కలో పడుకొని, మరల తెచ్చుకొనేది. ఇంటిల్లిపాదికీ ఒకే రోజు పూయాలని చెప్పి చెప్పి మా నోరు నొచ్చేది. ఒక కోడలు మాత్రము తల వంచుకొని, "అమ్మగారూ, మా మామగారికి ఒళ్లంతా ఎవరు పూస్తారండీ?" అని అడిగింది. ఆ ప్రశ్నకు వైద్య పుస్తకములలో జవాబు లేదు.

అదే చిక్కు ఎక్కడో పసిఫిక్ మహాసముద్రములోని ఫిజీ దీవులలోనూ ఉన్నది. ఫిజీ మనకు బొత్తిగా పరాయి దేశము కాదు. 1903 నుండి 1916 వరకు మద్రాసు రేవు నుండి చెరకు తోటలకు కూలి ఒప్పందము మీద ఓడలెక్కినవారిలో తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ ఒప్పందమునే అక్కడ 'గిర్మిట్' అన్నారు. దక్షిణాది వారి సంతతి పెట్టుకొన్న సంగము లంబాసా పట్టణములో నర్సింగు కళాశాల కూడా నడుపుచున్నది.

ఫిజీలో మూడు వందలకు పైగా దీవులున్నవి, వాటిలో సుమారు నూరింటిలోనే జనము కాపురముంటారు. 2007లో దేశమంతటా జరిగిన సర్వేలో నూటికి 23.6 మందికి గజ్జి ఉన్నట్లు తేలింది. గోకినచోట పుండు పడుతుంది, పుండులో క్రిములు చేరుతాయి. ఆ క్రిముల మూలముగా మూత్రపిండములు చెడతాయి, గుండె కవాటములకు కూడా హాని కలుగవచ్చును. చిన్న జబ్బు అనేవారు ఇది గుర్తుంచుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో గజ్జిని నిర్లక్ష్యమునకు గురైన ఉష్ణమండల వ్యాధుల జాబితాలో చేర్చింది.

అక్కడ మూడు దీవి సమాజములలో 2,051 మందితో ఒక పరిశోధన జరిగింది. ఫలితములు 2015 డిసెంబరులో వెలువడినవి. ఒకచోట, జబ్బు ఉన్నవారికీ వారితో కలిసి మెలిగేవారికీ మాత్రమే పెర్మెత్రిన్ పూతమందు ఇచ్చారు. మరొకచోట ఆ పూతమందునే ఊరందరికీ ఇచ్చారు. మూడవచోట ఊరందరికీ ఐవర్‌మెక్టిన్ మాత్రలు మింగించారు. చిన్న బిడ్డలకు, గర్భవతులకు ఆ మాత్ర తగదు గనుక వారికి పూతమందే. ఏడాది తరువాత చూడగా మొదటిచోట గజ్జి నూటికి 36.6 నుండి 18.8కి, రెండవచోట 41.7 నుండి 15.8కి తగ్గింది. మాత్రలు ఇచ్చినచోట 32.1 నుండి 1.9కి పడిపోయింది. రెండేండ్లకు కూడా అక్కడ 3.6 మాత్రమే ఉన్నది. మామగారికి పూయవలసిన పని లేదు, ఆయనే నీళ్లతో మింగుతారు! ఈ అంకెలు చదివిన రోజు మేము ఆ కోడలిని తలచుకొన్నాము.

ఈ పని ఎవరి డబ్బుతో జరిగినదని మా స్త్రీల సమాజములో ఒక పెద్దమ్మగారు అడిగారు. ఆస్ట్రేలియా ప్రభుత్వపు వైద్య పరిశోధన మండలి ఇచ్చింది. తరువాత 2019లో ఒక బ్యాంకింగు సంస్థ వారి ధర్మనిధి కోటి ఆస్ట్రేలియా డాలర్లు ప్రకటించింది, దానితో ఫిజీ, సాలమన్ దీవులలో పనిని విస్తరింపజేశారు. "అంత డబ్బుతో మందులే కొని పంచవచ్చును గదా?" అన్నారు పెద్దమ్మగారు. న్యాయమైన మాటే. కాని ఏ మందు, ఎవరికి, ఎలాగు అని తెలియక పంచితే సగము సీసాలు గూటిలో ఎండిపోతాయి. ఇది మేము కండ్లారా చూచినదే.

లెక్కలలో తేలికగా కొట్టివేయబడే ఖర్చు మరొకటి ఉన్నది. ఫిజీ గ్రామములో అడుగుపెట్టే కొత్తవారు ముందు పెద్దల యెదుట యఙ్గోన వేరు సమర్పించి, అనుమతి అడగాలి. ఈ ఆచారమును 'సేవుసేవు' అంటారు. ఆ వేరుతో చేసిన పానీయమును కొబ్బరి చిప్పలో అందిస్తారు. చప్పట్లు, కుశల ప్రశ్నలు, తీరికగా మాటలు. ఆదివారము ఆరాధన దినము గనుక పని సాగదు. అలలు లేచినప్పుడు పడవ కదలదు. డబ్బు ఇచ్చే కార్యాలయములో కూర్చున్నవారికి ఇదంతా కాలహరణముగా కనబడవచ్చును. మా దృష్టికి అది కూడా వైద్యమే. న్యూజీలాండు ఆరోగ్య పరిశోధన మండలి 2014లో పసిఫిక్ ప్రజల మధ్య పరిశోధనకు మార్గదర్శకములు ప్రచురించింది. గౌరవము, సంబంధము, ఇచ్చిపుచ్చుకొనుట వాటిలో ముఖ్యమైనవి.

ద్వీపవాసులకు అనుమానము ఊరకనే రాలేదు. 1954 మార్చి 1న అమెరికా వారు బికినీ దీవిలో హైడ్రోజన్ బాంబు ప్రేల్చినప్పుడు, మార్షల్ దీవులలోని రాంగెలాప్ ప్రజల మీద తెల్లని బూడిద కురిసింది. పిల్లలు దానితో ఆడుకొన్నారు. రెండు దినముల తరువాత గాని వారిని అక్కడనుండి తరలించలేదు. పిమ్మట, వారి అంగీకారము అడుగకుండానే, 'ప్రాజెక్టు 4.1' అను పేరుతో వారి శరీరములను పరిశీలించారు. 1957లో తిరిగి ఆ దీవికే పంపారు. చివరకు 1985లో ఆ జనమంతా తమంతట తామే దీవిని విడిచి వెళ్లిపోయారు.

మన దగ్గర అంత ఘోరము జరిగిందనము. అయినా కొన్నేండ్ల క్రిందట ఒక బృందము మా ప్రాంతపు గూడెములకు వచ్చి, వేళ్లు పొడిచి రక్తము తీసికొనిపోయింది. ఫలితము చెప్పుటకు ఎవరూ మరల రాలేదు. నేటికీ ఆ గూడెములో సూది చేత పట్టుకొని వెళ్తే ఆడవారు పిల్లలను లోపలికి పిలుచుకొంటారు.

ఈ ఏడు కోత పండుగ కానుకలో కొంత ఆ గూడెములలో చర్మవ్యాధుల సర్వేకు ఇవ్వాలని ఒక మాట వచ్చింది. మాత్రలకు, డాక్టరుగారి రాకపోకలకు లెక్క వేశారు. మేము మరి రెండు పద్దులు చేర్చమన్నాము. మందు మొదలుపెట్టకముందు పెద్దలతో కూర్చొనుటకు రెండు రోజుల భత్యము, పని అయిన తరువాత ఫలితము చెప్పుటకు తిరిగి వెళ్లే జీపు కిరాయి. కోశాధికారిగారు ఇంకా సరే అనలేదు. వచ్చే నెల కమిటీలో మరల అడుగుతాము.