ఏడు పాయల తల్లి, మా ఊరి తైబందీ

భూమిలో నుంచి నీరు తనంతట తాను ఉబికి వచ్చే చోటును తెలుగులో బుగ్గ అంటారు. చెక్కిలికి కూడా అదే మాట. అరబ్బీలో అటువంటి చోటును ‘ఐన్’ అంటారు. ఆ మాటకు కన్ను అనే అర్థం కూడా ఉంది. ఎక్కడో దూరంగా పెరిగిన ఈ రెండు భాషలూ నేలకు ఒక ముఖం ఉందని తలచి, నీటికి ఆ ముఖంలోనే చోటు కల్పించాయి. సౌదీ అరేబియా తూర్పు ప్రాంతంలోని అల్ అహ్సాలో ఉన్నప్పుడు నాకు ఈ సంగతి తెలిసింది. 2005 నుంచి పదమూడేళ్లు అక్కడి తోటలలో నీటి పంపులు బాగుచేయడం నా ఉద్యోగం. ఎడారి అంటే ఇసుక తప్ప మరేమీ ఉండదనుకునే మన పిల్లలకు ఆ ఒయాసిస్సు గురించి, దానితో పాటు జగిత్యాల దగ్గరి మా ఊరి గురించి చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను.

అల్ అహ్సాలో హుఫూఫ్ పట్టణాన్ని ఆనుకొని సుమారు 25 లక్షల ఖర్జూరపు చెట్లున్నాయి. ప్రపంచంలోని అతి పెద్ద ఒయాసిస్సులలో అది ఒకటి. 2018లో యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. మొదటి ఏడాది ఒక తోటలో చెట్ల నీడ దాటి అవతలికి వెళ్లిన నాకు మోకాలి ఎత్తు వరి పైరు కనిపించింది. కొంతసేపు నా కళ్లను నేనే నమ్మలేదు. అది హసావీ బియ్యం, ఎర్రని గింజ. అక్కడ బాలింతలకు, పండుగలకు వండుకుంటారు. మన దంపుడు బియ్యాన్ని గుర్తుకు తెచ్చే ఆ అన్నం తిన్న రోజున నేను ఇంటికి రెండు ఉత్తరాలు రాశాను.

ఎడారిలో వరి ఎలా పండింది? దానికి కారణం అక్కడి ఊటలు. వేల ఏళ్ల కిందట, ఆ దేశంలో వానలు సమృద్ధిగా కురిసిన కాలంలో నేలలోకి ఇంకిన నీరు సున్నపురాతి పొరలలో నిలిచి, అల్ అహ్సా వద్ద బుగ్గలుగా పైకి వచ్చేది. వాటిలో ఒకదాని పేరు ఉమ్ సబా. అంటే ఏడింటి తల్లి. ఆ ఊట నుంచి ఏడు పాయలు పారేవి. ఏ తోటకు ఎంత సేపు నీరు పారాలో వంతులుండేవి. పై తోట తాగి వదిలిన నీరు వృథా పోకుండా కింది తోటకు చేరేది. అక్కడి ముసలివారు ఈ ఏర్పాటును వివరిస్తూ ఉంటే నాకు మా ఊరు కళ్ల ముందు కదిలేది. మన కాకతీయుల కాలం నాటి గొలుసుకట్టు చెరువులలోనూ ఇదే నీతి ఉంది. పై చెరువు నిండితే మత్తడి దూకి కింది చెరువుకు పోతుంది. పైవాడు నిండిన తరువాత కిందివాడికి విడవక తప్పదు.

మా ఊరి చెరువుకు రెండు తూములు. వాటిని తెరిచే అధికారం ఊరిలో ఎంత పెద్ద ఆసామికీ లేదు. అది నీరటికి మాత్రమే ఉండేది. నీరటి అంటే చెరువు కట్టను కాపాడి, ప్రతి మడికి నీరు పారించే గ్రామ సేవకుడు. పంట నూర్చే కల్లంలో ప్రతి రైతూ ఆయనకు ధాన్యంలో మేర కొలిచి ఇచ్చేవాడు. అందరి గింజా తింటాడు కనుక ఆయన ఎవరి పక్షమూ వహించడానికి వీలుండేది కాదు. వానకాలపు పంటను ఆబి అని, యాసంగి పంటను తాబి అని అనేవారు. ‘ఆబ్’ అంటే పారసీకంలో నీరు. నిజాం పాలనలో మన పొలాల దాకా వచ్చిన మాట అది. ఆబి కోతలు అయ్యాక పెద్దలు చెరువు కట్టపై కూర్చుండి నీటి మట్టం చూసి తైబందీ నిర్ణయించేవారు. చెరువులో సగం నీరే ఉంటే ఆయకట్టులో సగానికే నాట్లు. అందరికీ కొంత తగ్గుతుంది, కాని ఎవరి పైరూ నడిమిట్లో ఎండదు. ఆయకట్టు అంటే చెరువు నీటితో పారే భూమి. తైబందీ అంటే ఉన్న నీటికి తగినట్లు సాగును ముందుగానే కుదించుకొనే ఒప్పందం. ఈ రెండు మాటలూ పిల్లలు గుర్తుంచుకోవాలి.

నేను అల్ అహ్సా చేరే నాటికి ఉమ్ సబా తనంతట తాను పారడం లేదు. నీరు వృథా కాకూడదని 1971 నాటికి అక్కడి ప్రభుత్వం ఒయాసిస్సు అంతటా కాంక్రీటు కాలువలు కట్టించింది. పని గొప్పదే. కాని అదే కాలంలో చుట్టుపక్కల బోరుబావులు పెరిగాయి, పట్టణాలు పెరిగాయి, దూరపు ఎడారిలో పెద్ద వ్యవసాయ క్షేత్రాలు వెలిశాయి. అందరూ తోడినది ఒకే భూగర్భ నిధి నుంచి. 1990ల నాటికి చాలా ఊటలు ఆగిపోయి, పంపులు పెట్టి నీటిని పైకి లాగవలసి వచ్చింది. నా ఉద్యోగం పుట్టింది అందుకే. ఒక వృద్ధుడైన తోట యజమాని నాతో ఇలా అన్నాడు: “మా చిన్నతనంలో నీరే మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేది. ఇప్పుడు మేము దానిని వెతుక్కుంటూ కిందికి పోతున్నాము.” ఏటేటా పంపులకు గొట్టాలు పొడిగించే నాకు ఆ మాటలో అతిశయోక్తి కనిపించలేదు.

దేశమంతటా అదే కథ నడిచింది. తిండిగింజలకు ఇతరులపై ఆధారపడకూడదని సౌదీ ప్రభుత్వం 1970ల చివరి నుంచి గోధుమకు భారీ రాయితీలిచ్చింది. ఎడారిలో గుండ్రని పచ్చని పొలాలు వెలిశాయి. 1990ల ఆరంభానికి ఏటా సుమారు 40 లక్షల టన్నుల గోధుమ పండి, విదేశాలకు ఎగుమతి అయింది. అయితే ఆ గింజతో పాటు ఎగుమతి అయినది మళ్లీ నిండని పాతకాలపు నీరు. చివరికి 2008లో ప్రభుత్వం స్వదేశీ గోధుమ కొనుగోలును క్రమంగా తగ్గించి 2016 నాటికి ఆపివేయాలని నిర్ణయించింది. ఈనాడు అక్కడి నగరాలు ఎక్కువగా సముద్రపు నీటిని శుద్ధిచేసి తాగుతున్నాయి. జుబైల్ తీరం నుంచి రియాద్‌కు 400 కిలోమీటర్లకు మించి గొట్టాలలో ఆ నీరు ప్రయాణిస్తుంది. ఉప్పును వేరుచేయడానికి చమురో గ్యాసో మండాలి. ఆ పొగ వాతావరణాన్ని వేడెక్కిస్తుంది. వేడెక్కిన నేల మరింత నీరు అడుగుతుంది.

ఆ వేడిని మొదట భరించేది ఆరుబయట పనిచేసేవారే. ఏటా జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల దాకా ఎండలో పని చేయించరాదని అక్కడ నిబంధన ఉంది. కాని అల్ అహ్సా వేసవిలో ఉదయం పదింటికే గొట్టపు ఇనుము చేతిని కాలుస్తుంది. 2024 జూన్‌లో మక్కాలో ఉష్ణోగ్రత 50 డిగ్రీలు దాటగా, ఆ హజ్ యాత్రలో 1,300 మందికి పైగా మరణించారు. ఈ వార్త చదివినప్పుడు నాతో తోటలలో పనిచేసిన మనవాళ్లే నాకు గుర్తుకు వచ్చారు.

వారిలో ఒకరు మా జిల్లావారే. సౌదీకి వచ్చినా మావైపు ‘దుబాయి పోయిండు’ అనే అంటారు. ఎందుకు వచ్చావన్నా అని అడిగితే ఆయన గొంతు పెంచకుండా చెప్పాడు: “బోర్ల అప్పు కట్టెటందుకే వచ్చిన సారూ. నాలుగు ఏసిన. మూడిట్ల దుమ్మే ఎల్లింది. నాలుగోది రెండేండ్లు పోసి బందయ్యింది.” ఇక్కడ సంపాదించి ఏం చేస్తావని అడిగాను. తమ్ముడు అయిదో బోరు వేయమంటున్నాడని చెప్పాడు. నీరు ఎండిపోయి ఊరు విడిచిన మనిషి, నీరు ఎండిపోతున్న దేశంలో పంపు తిప్పి, ఆ జీతంతో మళ్లీ తన ఊరి నేలకు రంధ్రం వేయిస్తున్నాడు. గల్ఫ్ నుంచి ఉత్తర తెలంగాణకు వచ్చిన సొమ్ములో ఇళ్లు, పెళ్లిళ్లు, చదువులతో పాటు ఇటువంటి రంధ్రాలు కూడా ఎన్నో ఉన్నాయి.

ఆ పిలుపు నాకూ వచ్చింది. 2011లో మా చిన్నాన్న ఫోను చేసి బోరుకు డబ్బు పంపమన్నాడు. ఊరిలో ఇప్పటికే ఎన్ని బోర్లున్నాయని అడిగాను. లెక్క లేదన్నాడు. అయితే మనం ఆగుదామా అంటే ఆయన ఇలా జవాబిచ్చాడు: “నువ్వు ఎయ్యకుంటే పక్కోడు ఏస్తడు బిడ్డా. భూమిల నీళ్లు నీ కోసం ఆగుతయా?”

ఈ ప్రశ్న చాలా బలమైనది. దీనిని దురాశ అని కొట్టివేయలేము. ఒక్కడే ఆగితే ఆ ఒక్కడే నష్టపోతాడు, నీరు మాత్రం మిగలదు. అల్ అహ్సా తోటమాలికీ, గోధుమ పండించిన సౌదీ రైతుకూ, మా చిన్నాన్నకూ ఎదురైన ప్రశ్న ఇదే. నేడు వాతావరణాన్ని కాపాడుకోవడంలో దేశాల మధ్య సాగే వాదమూ ఇదే. దీనికి జవాబు ఒక్కరి త్యాగంలో దొరకదు. అందరూ కలిసి ముందుగా ఒప్పుకొనే తైబందీలో దొరుకుతుంది. నీరు చెరువులో కంటికి కనిపించినంత కాలం మన పెద్దలకు ఆ ఒప్పందం సాధ్యమైంది. నీరు నేలకింద దాగి, ఎవరి మీట వారి చేతికి వచ్చిన నాడు అది సడలింది. 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు వచ్చాక మోటారు ఆపవలసిన అవసరం కూడా ఎవరికీ కనిపించలేదు.

అయినా మన నేలకు సౌదీ నేలకు లేని ఒక అదృష్టం ఉంది. తెలంగాణలో అధిక భాగం కింద గట్టి రాయి. పైనున్న మెత్తని పొరలోను, రాతి పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. అందుకే త్వరగా అయిపోతుంది. కాని మంచి వాన పడితే మళ్లీ నిండుతుంది. అక్కడిది తాతలు దాచిన మూలధనం, ఇక్కడిది ఏటేటా వచ్చే ఆదాయం. ఆదాయానికి లోబడి ఖర్చు చేస్తే చాలు.

చిన్నాన్నకు ఇదే చెప్పి, బోరుకు అడిగిన డబ్బును గొట్టాలకు పంపాను. గెట్టు పక్కనున్న రెండు కుటుంబాలతో మాట్లాడి, అప్పటికి పోస్తున్న రెండు బోర్లను గొట్టాలతో కలిపి మూడు ఇళ్ల భూమికీ వంతులు పెట్టుకొన్నారు. కొత్త బోరు ఎవరూ వేయరాదని కాగితం రాసుకొన్నారు. తాబిలో తిండికి సరిపడా వరి, మిగిలిన భూమిలో మక్క, నువ్వులు, పెసర వంటి ఆరుతడి పంటలు. సులువుగా సాగిందని చెప్పను. ఒక వేసవిలో వంతు తప్పిందని రెండు నెలలు మాటలు లేవు. కాని మూడు ఇళ్లలో ఎవరి పైరూ ఎండలేదు కనుక కాగితం నిలిచింది. వంతుల పుస్తకం చిన్నాన్నే రాసేవాడు. ఊరిలో ఆయనను నవ్వుతూ నీరటి అని పిలిచేవారు.

ఇది మా ఇంటి గొప్ప కాదు. 2003 తరువాత ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అనంతపురం, మహబూబ్‌నగర్ మొదలైన ఏడు కరువు జిల్లాలలో, ఆరు వందలకు పైగా పల్లెలలో, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో రైతులే వాన కొలిచి, బోర్లలో నీటి లోతు కొలిచి, యాసంగికి ముందు ఊరందరి ఎదుట లెక్క చెప్పుకొన్నారు. ఫలానా పంట మానమని ఎవరూ ఆజ్ఞాపించలేదు. లెక్క చూసిన రైతులలో చాలామంది తామే వరి తగ్గించారు. కనిపించని నీటిని మళ్లీ కనిపించేలా చేయడమే ఆ పని సారం. 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలై, తెలంగాణలోని 46,000కు పైగా చెరువులను పునరుద్ధరించాలని సంకల్పించినప్పుడు మా చెరువు పూడిక కూడా తీశారు. చెరువు నిండిన ఏడు చుట్టుపక్కల బోర్లూ నిండాయి.

అల్ అహ్సా కూడా చేతులు ముడుచుకొని కూర్చోలేదు. పట్టణాల మురుగునీటిని శుద్ధిచేసి తోటలకు మళ్లించారు. నేను తిరిగివచ్చే నాటికి నేను చూసే తోటలలో చాలావాటికి ఆ నీరే ఆధారం. పై ఇంటివాడు వాడిన నీరు కింది చెట్టుకు చేరే పాత నీతిని వారు కొత్త యంత్రాలతో మళ్లీ పట్టుకొన్నారు.

మన పిల్లలు ఏ దేశంలో పెరుగుతున్నా, కుళాయి తిప్పితే నీరు వస్తుంది. అది ఏ నది నుంచో, ఏ నేల కింద నుంచో, ఏ సముద్రం నుంచో వస్తున్నదని తెలుసుకోవడం మొదటి పాఠం. రెండవ పాఠానికి తాతయ్య, నానమ్మ, అమ్మమ్మలకు ఫోను చేయాలి. మీ ఊరి చెరువు పేరేమిటి? దానికి ఎన్ని తూములు? మత్తడి దూకిన నీరు ఏ ఊరికి పోతుంది? నీరు పారించినవారిని ఏమని పిలిచేవారు? రాయలసీమవారైతే నీరుగంటి అంటారేమో, మీవైపు మరో మాట ఉందేమో. ఆ జవాబులు తెలుగులోనే రాసుకోండి. ఆ మాటలు తెలిసిన తరం ఇంకా మన మధ్య ఉంది. నీటిని పంచుకోవడం తెలిసిన తరం కూడా అదే.