అక్షరమునకు పరీక్ష

మనము అక్షరముల నడుమ జీవించుచున్నాము. ఉదయమున పాలపొట్లము చేతికి వచ్చినది మొదలు, రాత్రి మందుబిళ్ళల అట్టను చూచుకొని నిద్రించువరకు మన కన్నులు ఎన్నియో వ్రాతలను చదువుచుండును. బస్సు నుదుట ఊరి పేరు, రహదారి ప్రక్కన దూరము తెలుపు రాయి, కొట్టుపైని బోర్డు, పాఠ్యపుస్తకపు అట్ట - వీనిలో ఏ అక్షరమును తనంతట తాను వచ్చి అచ్చట కూర్చుండలేదు. అది ఎంత పెద్దదిగా నుండవలెనో, ఏ రంగుపై ఏ రంగు నిలుచునో, ఎంత చోటు ఖాళీగా విడువవలెనో ఎవరో యొకరు ఆలోచించి కూర్చినారు. అక్షరమును, చిత్రమును, వర్ణమును ఒక ప్రయోజనము కొఱకు ఇట్లు కూర్చు విద్యకు గ్రాఫిక్ డిజైన్ అని పేరు.

నేను చిరకాలము తెలుగు బోధించి, ప్రధానోపాధ్యాయుడనై పదవీ విరమణ చేసినవాడను. నా బాల్యమున మా యూరిలో బోర్డులు వ్రాయు చిత్రకారుడొకడు ఉండెను. అతడు సుద్ద పూసిన దారమును గోడపై బిగించి, లాగి విడిచి, రెండు గీతలు పడవేయును. ఆ గీతల నడుమ కుంచెతో అక్షరములను నిలుపుచుండగా మేము బడి వేళ దాటునని కూడ తలపక నిలిచి చూచెడివారము. నేడు ఆ దారమునకు మారుగా కంప్యూటరు వచ్చినది. కాని అక్షరమును దాని చోట నిలుపుటలోని కష్టము మాత్రము తొలగిపోలేదు. తొమ్మిదవ తరగతి చదువుచున్న మా మనుమరాలు ఈ విద్యను నేర్చుకొనుచుండగా ప్రక్కనుండి చూచి నేనీ సంగతి గ్రహించితిని.

ఆమె పాఠశాలలోని కంప్యూటరు గదిలో ఇంక్‌స్కేప్ అను సాఫ్ట్‌వేరు కలదు. అది వెల లేకుండ ఎవరికైనను లభించును. మొదటి దినమున ఉపాధ్యాయురాలు ఆమెకు ఒప్పగించిన పని ఒక మామిడి పిందెను గీయుట. తెరపై రెండు చుక్కలుంచి, వానినుండి వెలువడు సన్నని పిడులను ఇటునటు లాగినచో, ఆ చుక్కల నడుమ గీత వంగును. 1960 తరువాతి సంవత్సరములలో ఫ్రాన్సు దేశమందలి రెనో మోటారు సంస్థలో ఇంజనీరుగా నున్న పియెర్ బెజియే కార్ల వంపులను లెక్కలలో చూపుటకై ఇట్టి గీతలను వాడి ప్రసిద్ధికి తెచ్చెను. అందుచేత వానిని బెజియే వక్రములందురు. మా మనుమరాలు ఈ విషయమును ఇంట వివరించుచుండగా ఆమె నాయనమ్మ విని, "చుక్కలు పెట్టి గీతలు కలుపుట మన ముగ్గే గదా!" అని నవ్వెను. ఆ పోలిక చక్కగా కుదిరినది. వంపునకు చుక్కలు మితిమీరినచో గీత వణకును. చాలినన్ని మాత్రమే ఉన్నచో నున్నగా సాగును. ఈ విధముగా గీసిన బొమ్మను ఎంత పెద్దది చేసినను అంచు చెదరదు. ఫోటో అట్లు కాదు. అది చిన్న చిన్న గళ్ళ సముదాయము. పెద్దది చేసిన కొలది ఆ గళ్ళు బయటపడును.

క్రొత్తగా రెక్కలు వచ్చిన పక్షి కొమ్మనుండి కొమ్మకు ఎగురునట్లు, ఆమె మొదటి మాసమున కంటబడిన ప్రతి రంగును, ప్రతి అక్షరరీతిని వాడెను. జన్మదినపు పత్రిక యొకటి చేసినది. అందు అయిదు విధముల అక్షరములు, పదునొకండు రంగులు ఉండెను. ఉపాధ్యాయురాలు దానిని చూచి కోపింపలేదు. "ఇక నొక నెలవరకు నలుపు, తెలుపు తప్ప వేరు రంగు వలదు. అక్షరరీతి ఒక్కటియే వాడవలెను" అని నియమము పెట్టెను. పిల్ల ఇంటికి వచ్చి చిన్నబుచ్చుకొన్నది. "రంగులు తీసివేసిన పిమ్మట మిగులునది ఏమున్నది, తాతయ్యా?" అని అడిగెను. పద్యమునకు గణములు, యతిప్రాసలు బంధములని మొదట తోచును. కాని మాటను తూచి వాడుట నేర్పునవి అవియే. నేనామాట చెప్పితిని. ఆమె పూర్తిగా ఒప్పుకొనలేదు. అయినను నియమమును పాటించెను.

ఆ నెలలో ఆమె మన చుట్టునున్న గుర్తులను పరిశీలించెను. 1947 జులై 22వ తేదీన రాజ్యాంగ సభ ఆమోదించిన మన జాతీయ పతాకమున పొడవు వెడల్పులు 3:2 నిష్పత్తిలో నుండును. నడుమ చక్రమునకు 24 ఆకులు. 2010లో భారత ప్రభుత్వము స్వీకరించిన రూపాయి గుర్తును ఉదయ కుమార్ రూపొందించెను. అందు దేవనాగరి 'ర'కారమును, రోమను లిపిలోని 'ఆర్' అను అక్షరమును కలిసియున్నవి. రహదారిపై ఎఱ్ఱని అంచుగల త్రిభుజము రాబోవు అపాయమును హెచ్చరించును. ఎఱ్ఱని వలయము చేయరానిదానిని తెలుపును. వేగముగా పోవు వాహనమునందలి వాడు క్షణకాలములో గ్రహింపవలెను గనుక అచ్చట అలంకారమునకు తావు లేదు. ఈ గుర్తులన్నిటిని ఆమె గళ్ళ కాగితముపై కొలిచి గీసెను.

పిమ్మట తెలుగు అక్షరముల వంతు వచ్చెను. ఇచ్చట నా పాండిత్యము కొంత ఉపకరించినది. ఇంగ్లీషు అక్షరములు చాలవరకు ఒక వరుసలో ప్రక్కప్రక్కన నిలుచును. మన అక్షరము అట్లు కాదు. తలపై తలకట్టో, గుడియో ఉండును. ప్రక్కకు కొమ్ము సాగును. అడుగున వత్తు వ్రేలాడును. 'రాష్ట్రము' అను మాటలో 'ష'కారము క్రింద రెండు వత్తులు చేరినవి. పంక్తుల నడుమ చోటు తగ్గించినచో పై పంక్తిలోని వత్తు క్రింది పంక్తిలోని గుడిని తాకును. 1991లో వెలువడిన యూనికోడ్ మొదటి సంపుటియందే తెలుగు లిపికి స్థానము లభించినది. మండలి, గిడుగు, సూరన్న, పెద్దన మున్నగు పేర్లతో యూనికోడ్ అక్షరరీతులు నేడు ఉచితముగా దొరకుచున్నవి. సుప్రసిద్ధ చిత్రకారుడు బాపు చేతివ్రాత కూడ అక్షరరీతిగా మారినది. సాధనములు ఇన్ని యున్నను, ఏది ఎచ్చట తగునో నిర్ణయించునది కంప్యూటరు కాదు.

ఇంతలో వర్షకాలము వచ్చెను. మా యూరి చివరి వాడలో కొందరు పిల్లలకు విరేచనములు పట్టుకొన్నవి. ఆశా కార్యకర్త పాఠశాలకు వచ్చి, ఓ.ఆర్.ఎస్. ద్రవమును గూర్చి గోడపత్రము నొకదానిని తయారుచేసి ఇమ్మని కోరెను. ఆ పని మా మనుమరాలికి వచ్చినది.

ఈ ద్రవము చూచుటకు సామాన్యమైనది. దాని చరిత్ర సామాన్యమైనది కాదు. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలమున శరణార్థుల శిబిరములలో కలరా వ్యాపించినప్పుడు, బనగాఁవ్ వద్ద డాక్టరు దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీటిని త్రాగించి వేలాది రోగులకు చికిత్స చేసెను. గ్లూకోజు తోడున్నప్పుడు ఉప్పులోని సోడియము ప్రేగుగోడల గుండ సులభముగా లోనికి పోవును. దాని వెంట నీరు పోవును. పొట్లము దొరకనప్పుడు ఇంటియందే చేసికొను విధమున్నది: ఒక లీటరు శుభ్రమైన నీటిలో తలగొట్టిన టీ చెంచాతో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు. ఉప్పు అధికమైనచో మేలు చేయవలసిన ద్రవమే శరీరములోని నీటిని లాగివేసి పసివాని ప్రాణమునకు ముప్పు తెచ్చును.

అప్పటికి నలుపు తెలుపుల నెల ముగిసినది. మా మనుమరాలు మూడు దినములు శ్రమించి గోడపత్రమును సిద్ధము చేసెను. ఆకుపచ్చని పత్రము, నడుమ మంచినీటి కడవ. అక్షరముల కొనలనుండి సన్నని తీగలు వెలువడి మొగ్గలు తొడిగినవి. ఆమె నేర్చిన వంపులన్నియు అందుండెను. ఒక ప్రతిని ముద్రింపించి, సాయంకాలమున మా అరుగుపై అందరి యెదుట విప్పినది. ఆశా కార్యకర్త కూడ వచ్చియుండెను. ప్రక్కయింటి అవ్వ వయోజన విద్యాకేంద్రమున అక్షరములు నేర్చినది. ఆమె ముందుకు వంగి వ్రేలితో చూపుచు కూడబలుకుకొని చదువసాగెను. "పంచదార... ఆరు చెంచాలు. ఉప్పు... ఆరు చెంచా."

ఒక్కసారి అందరును మౌనము వహించిరి. నేను పత్రమును దగ్గరకు తీసికొని చూచితిని. 'అర' అనియే వ్రాయబడియున్నది. కాని 'అ'కారము కొనను మొగ్గ తొడుగుటచే అది 'ఆ'కారమువలె నుండెను. 'ర'కారమునుండి సాగిన తీగ కొమ్మువలె నుండెను. 'అర' కాస్తయు 'ఆరు' అయినది. అర చెంచాకు ఆరు చెంచాలు పండ్రెండు రెట్లు!

మా మనుమరాలు తొందరపడి, "అవ్వా, నేను సరిగానే వ్రాసితిని" అనెను. అవ్వ వెంటనే వెనుకకు తగ్గి, "నాకు చదువు అంతంత మాత్రమే తల్లీ. తప్పు నాదే" అని కొంగు సవరించుకొని కూర్చుండెను.

ఆ మాట విన్న పిల్ల ముఖము మారిపోయినది. వాదించుటకు తెరచిన నోరు మూతపడెను. పత్రమును చుట్టి లోనికి పోయెను. రాత్రి భోజనము వేళ నాతో మెల్లగా ననెను: "తాతయ్యా, అవ్వ తప్పు తనదని ఒప్పుకొన్నది. కాని ఆమె యింట ఏడాది నిండని మనుమడున్నాడు. రేపు ఎవరును లేని వేళ ఆమె ఈ పత్రమును చూచి ఉప్పు కలిపినచో?" నేను జవాబు చెప్పలేదు. ఆ ప్రశ్నకు జవాబు ఆమెయే వెదకవలసియుండెను.

మరునాడు తీగలన్నియు తొలగిపోయినవి. వాని స్థానమున నిండైన, నిలుకడగల అక్షరములు వచ్చినవి. 'ఆరు'కు బదులు 6 అను అంకెను పెద్దదిగా వ్రాసి, దాని ప్రక్కన ఆరు చెంచాలను వరుసగా గీసెను. ఉప్పునకు ఎదురుగా ఒకే చెంచా, అదియు సగము మాత్రమే నిండినది. నీటికి 1 లీటరు సీసా. అడుగున, పొట్లములు ఆశా కార్యకర్త వద్ద లభించుననియు, బిడ్డ త్రాగలేకున్నను, మగతగా నున్నను ఆలస్యము చేయక ఆసుపత్రికి కొనిపోవలెననియు రెండు పంక్తులు చేర్చెను. పిమ్మట ఆ ప్రతిని పట్టుకొని పదిమంది యిండ్లకు వెళ్ళెను. "ఇందులో ఏమి చెప్పబడినది?" అని తప్ప వేరొక మాట అడుగలేదు. వారు ఆగిన చోట నెల్ల పెన్సిలుతో గుర్తు పెట్టుకొని, మూడుమారులు దిద్దెను. అక్షరమే రాని పశువుల కాపరి యొకడు బొమ్మలు చూచి విషయము తప్పులేక చెప్పిన దినమున ఆమె తృప్తి పడినది.

పట్టణమున అచ్చునకిచ్చినప్పుడు వేరొక పాఠము నేర్చినది. తెరపై మిలమిల మెరసిన ఆకుపచ్చ రంగు కాగితముపై మసకబారెను. తెర ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు కాంతులతో రంగులను పుట్టించును. అవి మూడును కలిసిన తెలుపగును. అచ్చుయంత్రము సయాన్, మెజెంటా, పసుపు, నలుపు అను నాలుగు సిరాలను వాడును. సిరాలు కలిసిన కొలది చీకటియగును. అందుచే ఆమె తెల్లని కాగితముపై ముదురు నీలి అక్షరములను ఎంచుకొన్నది. అంచున తెల్లని చార రాకుండుటకై కోతకు వెలుపల మూడు మిల్లీమీటర్లు రంగును అధికముగా విడిచెను. దీనిని అచ్చువారు బ్లీడ్ అందురు. ముప్పది ప్రతులు వచ్చినవి. అంగన్‌వాడి గోడపైనను, రేషను దుకాణము వద్దను, నీటి కుళాయి ప్రక్కనను వానిని అంటించిరి.

ఆ పత్రములవలన ఎందరికి మేలు కలిగెనో లెక్కించుట సాధ్యము కాదు. కాని నేనొక దినమున కుళాయి వైపు పోవుచుండగా, మా ప్రక్కయింటి అవ్వ ఒక చిన్నవయసు తల్లికి ఆ పత్రమును చూపి వివరించుచుండెను. పంచదారకు ఆరు వ్రేళ్ళు చూపెను. ఉప్పునకు చూపుడువ్రేలిని సగము మడిచి చూపెను. ఆమె కంఠమున జంకు లేదు.

బాలబాలికలారా! మీలో ఈ విద్యయందు ఆసక్తిగలవారు కంప్యూటరు కొఱకు ఎదురుచూడ నక్కరలేదు. ఒక పెన్సిలు, గళ్ళ కాగితము చాలును. మీ యూరి బోర్డులను చూడుడు. వీనిలో దూరమునుండి చదువ వీలైనది ఏది, కానిది ఏది, కారణమేమి అని వ్రాసికొనుడు. మీరు ఒక పత్రమును కూర్చినప్పుడు మెచ్చుకొనువారికి చూపుటకు ముందు, చదువుటకు కష్టపడువారికి చూపుడు. వారు తడబడిన చోట నవ్వకుడు, వాదింపకుడు. ఆ చోట పెన్సిలుతో ఒక గుర్తు పెట్టుకొనుడు. దిద్దవలసినది అచ్చటనే యుండును.