ఎద్దుకు వేయించిన సూది

ఈ వారం ఒక పక్షిని గూర్చి రాస్తున్నాను. ఎవరికీ నచ్చని పక్షి, రాబందు.

మా తాత చచ్చిన పశువుల తోలు ఒలిచేవాడు. ఊరికి పడమట, వాగు అవతల ఒక బొంద ఉండేది. ఏ గొడ్డు చచ్చినా అక్కడికే ఈడ్చుకెళ్ళేవారు. తాత తోలు తీసి పక్కకు జరగగానే, పైన చుక్కల్లా తిరుగుతున్నవి ఒక్కొక్కటిగా దిగేవి. ముప్పై, నలభై. బోడి మెడలు చాచి, రెక్కలెత్తి ఒకదాన్నొకటి తోసుకునేవి. మధ్యాహ్నానికి ఎముకలే మిగిలేవి, వాసన కూడా ఉండేది కాదు. "మనకన్నా శుభ్రంగా చేస్తయిరా పని" అనేవాడు తాత. ఊరివాళ్ళు ఆయన్నీ వాటినీ ఒకే చూపు చూసేవారని పెద్దయ్యాక గాని నాకు అర్థం కాలేదు.

నేను ఇంటర్ చదివే రోజుల్లో మా ఎద్దు కాలు వాచి పడిపోయింది. సైకిలు మీద వెళ్ళి సూదులేసే ఆయన్ని పిలుచుకొచ్చింది నేనే. సూది వేస్తుంటే కొమ్ములు పట్టుకున్నదీ నేనే. నొప్పి తగ్గి ఆ సాయంత్రం కాస్త గడ్డి మేసింది. మా నాయన మోకరించి స్తోత్రం చెప్పాడు. మర్నాడు రాత్రి చనిపోయింది. బొందకు తీసుకెళ్తే ఆరో ఏడో రాబందులు దిగాయి. ఏడాది తిరిగేసరికి ఒక్కటీ లేదు. బొంద కుక్కలపాలైంది. మా వీధి పిల్లలు ఒంటరిగా ఆ దారిన వెళ్ళడం మానేశారు.

సెమినరీలో డిప్లొమా చేస్తుండగా, 2004లో, పత్రికలో ఒక చిన్న వార్త చదివాను. పాకిస్తాన్‌లో చచ్చిపడిన రాబందులను కోసి చూస్తే, లోపలి అవయవాల మీద సున్నం పూసినట్టు తెల్లగా ఉందట. మూత్రపిండాలు చెడి, యూరిక్ ఆమ్లం అలా పేరుకుపోయింది. కారణం డైక్లోఫెనాక్, మనం ఒళ్ళునొప్పులకు వాడే మందే. పశువుకు వేసిన కొద్ది రోజుల్లో అది చనిపోతే ఆ మందు మాంసంలో ఉండిపోతుంది. తిన్న రాబందు కొద్ది రోజుల్లోనే పోతుంది. మన దేశంలో తెల్లవీపు రాబందులు 1992 నుండి 2007 లోపు వెయ్యికి ఒకటి మిగిలేంతగా తగ్గిపోయాయి. కళేబరాలు కుళ్ళడం, కుక్కలు పెరగడం, నీళ్ళు చెడడం వల్ల 2000–2005 మధ్య దాదాపు 5 లక్షల మంది మనుషులు అదనంగా చనిపోయారని 2024లో ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు.

మా ఎద్దుకు వేసిన సూది అదేనా? సీసా మీద పేరు నేను చూడలేదు.

ఆ సంవత్సరమే క్లాసులో లేవీయకాండము చదివాము. 4, 5 అధ్యాయాల్లో, తెలియక చేసిన దానికి కూడా బలి అర్పించాలని ఉంటుంది. తెలియనివాడిని దోషి అనడం న్యాయమా అని మా అయ్యగారితో వాదించాను. ఇప్పుడు వాదించను. ఎద్దు మీద జాలితోనే చేశాను, నిజమే. కానీ బొంద మాత్రం ఖాళీ అయ్యింది.

ఇంకొకటి కూడా అప్పుడే తెలిసింది. యెషయా 40:31లో మనం పక్షిరాజు అని చదివేచోట హెబ్రీలో ఉన్న మాట నెషెర్. రాబందుకూ అదే మాట అని చాలామంది పండితులు అంటారు. మీకా 1:16లో దాని బోడితలను గూర్చి ఉంది, డేగకు బోడితల ఎక్కడిది? గోడల మీద డేగ బొమ్మ వేయించుకున్న మన సంఘాలకు ఈ మాట రుచించకపోవచ్చు. మా తాత వింటే మాత్రం నవ్వేవాడు.

పశువులకు డైక్లోఫెనాక్ వాడకాన్ని ప్రభుత్వం 2006లో నిషేధించింది. అయినా మనుషుల కోసం వచ్చే పెద్ద సీసాలు కొని పశువులకు వేశారు. అందుకే 2015లో మనుషుల ఇంజక్షను సీసా 3 మిల్లీలీటర్లకు మించకూడదన్నారు. 2023లో కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను కూడా పశువులకు ఆపారు. రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ దొరుకుతోంది.

పోయిన నెల మన సంఘంలోని ఒక అవ్వ ఫోన్ చేసింది. "అయ్యగారూ, బర్రె లేస్తలేదు, ప్రార్థన చెయ్యుండ్రి." వెళ్ళేసరికి మనవడు మెడికల్ షాపు నుండి చిన్న సీసాలు ఆరు తెచ్చి పెట్టుకున్నాడు. ఈసారి పేరు చదివాను. ప్రార్థన చేసి, ఆ సీసాలు వాపసు ఇప్పించి, పశువుల డాక్టరుకు ఫోన్ చేశాను. ఆయన మెలాక్సికామ్ వేశారు. బర్రె లేవడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అవ్వ నాతో సరిగా మాట్లాడలేదు.

లేచాక అడిగింది, "అవి మళ్ళ వస్తయా అయ్యగారూ?" బెజ్జూరు వైపు పాలరాపు గుట్ట మీద 2013లో పొడుగుముక్కు రాబందులు గూళ్ళు పెట్టి కనబడ్డాయని చెప్పాను. జంటకు ఏడాదికి ఒక్క గుడ్డేనని కూడా చెప్పాను.

"ఒక్కటేనా?" అంది అవ్వ. కుడితి బకెట్టు తీసుకుని బర్రె దగ్గరికి వెళ్ళింది.